ఇంతకంటే మంచిది వచ్చేదాకా

ఎర్రగుట్ట ఛాతీ ఆసుపత్రి మగవాళ్ళ వార్డులో టీవీ చచ్చిపోయినప్పుడు, దాని ముందు కూర్చున్నవాళ్ళు మొదట కరెంటు పోయిందనుకున్నారు. నెత్తిమీద ఫ్యాను తిరుగుతూనే ఉందని ఎవరో చూసి చెప్పాక, లారీ డ్రైవరు మౌలాలి లేచి, మొరాయించిన ఇంజనును కొట్టినట్టు దాని నెత్తిన అరచేత్తో ఒక్కటి వేశాడు. లోపలినుంచి కాలిన వాసన వచ్చింది. అప్పటికి సీరియల్లో కోడలు పాలగ్లాసు నోటిదాకా ఎత్తి ఉంది. ఆ పాలల్లో విషముందో లేదో వార్డుకు తెలియకుండానే పోయింది.

నేను ఆ ఆసుపత్రి ఆఫీసులో సీనియర్ అసిస్టెంటును. జరిగింది జరిగినట్టు చెబుతాను.

మాది ఊరికి దూరంగా గుట్టమీద కట్టిన క్షయ ఆసుపత్రి. ఇంటిదగ్గర మందులు మింగించే దిక్కులేనివాళ్ళు, మామూలు మందులకు రోగం లొంగనివాళ్ళు మా దగ్గరికి వస్తారు. నెలల తరబడి ఉండాలి. రోజూ సిస్టరు కళ్ళెదుటే గుప్పెడు మాత్రలు మింగాలి, సూది వేయించుకోవాలి. అక్కడే ఉంది చిక్కు. నెలన్నరకల్లా జ్వరం తగ్గుతుంది, ఆకలి పుడుతుంది, మనిషికి తను బాగైపోయానని గట్టి నమ్మకం కలుగుతుంది. లోపల పురుగు మాత్రం అలాగే ఉంటుంది. ఆ దశలో మనిషిని మంచానికి కట్టి ఉంచే మందు ఏ డాక్టరు దగ్గరా లేదు. మా వార్డులో ఆ పని ఇన్నాళ్ళూ ఆ డబ్బా టీవీ చేసింది.

ఈ సంగతి అందరికంటే బాగా తెలిసిన మనిషి హెడ్‌నర్సు సువార్తమ్మ. మర్నాడు పొద్దున్నే కొత్త టీవీకి ఇండెంటు రాసుకుని ఆఫీసుకొచ్చింది. "మందుల ఇండెంట్ల కంటే ముందు ఇది చూడండి సార్. ఇది లేకపోతే ఆ మందులు మింగేదానికి మనుషులుండరు" అంది.

బడ్జెటు ఉంది. కొనే అధికారం మా సూపరింటెండెంటు డాక్టర్ పద్మనాభరెడ్డికి ఉంది. ఆ సాయంత్రానికి టీవీ వచ్చేసి ఉండేదే. కానీ అంతకు వారం ముందే డైరెక్టరేటు నుంచి ఒక సర్క్యులరు వచ్చి ఉంది.

ఏదో జిల్లాలో ఎవరో అధికారి ఏదో యంత్రం కొన్నాడట. కొన్న నెలలోపే దానికంటే మంచిది, చవకది బజారులోకి వచ్చిందట. "మరికొంత కాలము వేచియుండిన ప్రభుత్వ ధనము ఆదా అయ్యెడిది కదా?" అని ఆడిటువారు రాశారట. దాంతో రాష్ట్రంలోని ఆసుపత్రులన్నిటికీ ఉత్తర్వు వచ్చింది. "సాంకేతిక పరికరములు కొనుగోలు చేయుటకు పూర్వము, సదరు పరికరముకంటే మెరుగైనది సమీప భవిష్యత్తులో రాబోదని కొనుగోలు అధికారి సంతృప్తి చెందవలెను."

మా పరిపాలనాధికారి సర్వోత్తమరావు ఆ ఉత్తర్వును సూపరింటెండెంటు గదిలో నిలబడి చదివారు. ప్రభుత్వ ఉత్తర్వును ఆయన ఎప్పుడూ కూర్చుని చదవలేదు.

"సంతృప్తి చెందవలెనన్నారు. ఇది సామాన్యమైన విషయం కాదండీ" అన్నారు. "నా సర్వీసు మొత్తంలో నేను ఒక్కసారి కూడా సంతృప్తి చెంది ఉండలేదు."

"నాకు రిటైర్మెంటు దగ్గరపడుతోందయ్యా" అన్నారు పద్మనాభరెడ్డి. "నా పెన్షనుకు టీవీ అడ్డం రాకుండా ఏం చెయ్యాలో అది చెయ్యి."

అలా టెలివిజన్ కొనుగోలు కమిటీ పుట్టింది. సర్వోత్తమరావు అధ్యక్షులు, నేను రాసేవాణ్ణి, సువార్తమ్మ వినియోగదారుల ప్రతినిధి. మొదటి సమావేశంలోనే ఆవిడ, "ఏదో ఒకటి తెద్దాం సార్, బొమ్మ కనబడి మాట వినబడితే చాలు" అంది. "ఏదో ఒకటి అన్న వస్తువు ప్రభుత్వంలో లేదు సిస్టర్ గారూ" అని అధ్యక్షులు సెలవిచ్చారు. నేను అది రాసుకున్నాను.

ఊళ్ళో ఓబుళశెట్టి ఎలక్ట్రానిక్స్ అంగడి ఉంది. కమిటీ మొత్తం అంబులెన్సులో వెళ్ళింది. శెట్టి కుర్చీలు వేయించి, చల్లటి నిమ్మసోడాలు తెప్పించి, గోడకు పటంలా తగిలించిన పల్చటి టీవీ పెట్టి చూపించాడు. అందులో సముద్రం అలలు అలలుగా కదులుతోంది. సముద్రమెప్పుడూ చూడని సువార్తమ్మ చెయ్యి తనకు తెలియకుండానే దానివైపు పోయింది.

"ఇది బాగుంది సార్. ఇదే తీసుకుందాం."

సర్వోత్తమరావు గొంతు సవరించుకున్నారు. "శెట్టిగారూ, ఈ పరికరముకంటే మెరుగైనది రాబోవుచున్నదా?"

శెట్టి ఆ అంగట్లోనే పుట్టి పెరిగిన మనిషి. రాబోయే సరుకు గురించి అడిగితే నోరు కట్టుకోవడం అతనికి చేతకాదు. "ఎందుకు రాదు సార్! దసరాకు వస్తాండాది చూడండి, అట్టముక్క మాదిరి ఉంటాది. కరెంటు సగం కూడా తినదు. దాని ముందర ఇదేం లెక్క!"

సువార్తమ్మ కళ్ళు మూసుకుంది. సర్వోత్తమరావు లేచి, సోడా ఇచ్చినందుకు కృతజ్ఞతలు చెప్పి, దసరాదాకా వేచియుండుటకు కమిటీ ఏకగ్రీవముగా తీర్మానించినదని నాచేత రాయించారు.

దసరాకు అట్టముక్క టీవీ రానే వచ్చింది. దాన్ని చూడటానికి వెళితే, ఉగాదికి ఇంటర్నెట్టు లోపలే ఉండేది వస్తుందని తెలిసింది. ఉగాదికి అదీ వచ్చింది. ఈలోగా, మనిషి ముఖంమీది చెమటచుక్కలు కూడా లెక్కపెట్టగలిగేంత స్పష్టమైనది ఎక్కడో తయారవుతోందని పేపర్లో పడింది. సర్వోత్తమరావు ఆ పేపరు కత్తిరించి ఫైల్లో పెట్టుకుని, "చూశారా, తొందరపడి ఉంటే ఎంత నష్టపోయేవాళ్ళమో!" అన్నారు. అట్టముక్క టీవీ కొననందుకు మేమందరం ఒకరినొకరం అభినందించుకున్నాం. సువార్తమ్మ ఒక్కతే అభినందనలు పుచ్చుకోలేదు. ఆ నెలలో ఆవిడ వార్డునుంచి నలుగురు మందులు సగంలో వదిలేసి వెళ్ళిపోయారు.

ఆవిడ ఒంటరిగా శెట్టి దగ్గరికి పోయింది.

"శెట్టిగారూ, ఈసారి సారు అడిగితే ఇంక మంచిది రాదని చెప్పండి. మీకు పుణ్యముంటాది."

"ఇంక రాదంటే నా అంగడికి మళ్ళీ ఎవరొస్తారు సిస్టరమ్మా?" అన్నాడు శెట్టి. అయినా మెత్తటి మనిషి. వెళ్ళిపోయిన నలుగురి సంగతి విని, సరేనన్నాడు.

తర్వాతిసారి కమిటీ వెళ్ళినప్పుడు దేవుడి పటంవైపు చూడకుండా, "ఇదే కడాఖరు సార్. దీనిమీద ఇంకేం లేదు. కనిపెట్టేవాళ్ళు కూడా అలిసిపోయినారంట" అన్నాడు.

"సంతోషం. ఆ విషయము కంపెనీవారి చేత ధ్రువీకరింపజేయండి. ఇకమీదట మెరుగుపరచబోమని ఒక్క ముక్క రాసిస్తే చాలు."

శెట్టి పాపం నిజంగానే కంపెనీకి రాశాడు. కంపెనీవారు ఆసుపత్రి చూపిస్తున్న ఆసక్తికి ఎంతో సంతోషించి, రాబోయే మోడలు రంగుల బొమ్మలతో ఒక మెరిసే పుస్తకం పంపించారు. అందులో టీవీ విల్లులా వంగి ఉంది. సర్వోత్తమరావు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, వంగడం పూర్తయ్యేదాకా ఆగడం మంచిదన్నారు.

అయితే కమిటీ ఊరికే కూర్చుందనుకోకూడదు. టీవీలు ఏటేటా పెద్దవవుతున్నాయని అధ్యక్షులు గమనించారు. చిట్టచివరి టీవీ ఎంత ఉంటుందో ఎవరు చెప్పగలరు? కాబట్టి ముందుగానే గోడ సిద్ధం చేయాలన్నారు. వార్డులో అంత పెద్ద గోడ తూర్పువైపు ఒక్కటే ఉంది. కానీ దానికి వరసగా కిటికీలున్నాయి. కిటికీలు మూసేయమని మేస్త్రిని పంపించారు.

"సార్, ఇది ఊపిరితిత్తుల ఆసుపత్రి" అంది సువార్తమ్మ. "వీళ్ళకు మందు సగం, గాలి సగం."

"గాలి మన కమిటీ పరిధిలో లేదు సిస్టర్ గారూ."

ఆవిడ వార్డులోకి పోయి, కిటికీల వెంబడి మంచాలు వరసగా జరిపించింది. మేస్త్రి తాపీ, సిమెంటు గంప పట్టుకుని వచ్చేసరికి మొదటి కిటికీ కింద మౌలాలి పడుకుని ఉన్నాడు.

"రాప్పా, కట్టుకో. నేను కదల్లే, దగ్గొస్తాంది అంతే" అని, లేచి కూర్చుని, మోకాళ్ళు పట్టుకుని దగ్గడం మొదలుపెట్టాడు. వార్డంతా అందుకుంది. ఆ దగ్గుల్లో కొన్ని నిజమైనవి, కొన్ని మర్యాదకు దగ్గినవి. మేస్త్రి తలగుడ్డ ముక్కుకు చుట్టుకుని గుట్టకిందిదాకా ఆగలేదు. మళ్ళీ ఏ మేస్త్రీ రాలేదు.

చివరకు కమిటీ పడమటి గోడతో సరిపెట్టుకుంది. అది చిన్నది. దానిమీద సున్నం వేయించి, నల్లరంగుతో పెద్ద చదరం గీయించి, కింద ఇలా రాయించారు: "ఈ స్థలము టెలివిజన్ నిమిత్తము కేటాయించబడినది."

రోగులు ఆ చదరాన్ని కొన్నాళ్ళు చూశారు. అలవాటు అలాంటిది. సాయంత్రమయ్యేసరికి కుర్చీలు దానివైపే తిరిగేవి. ఒకరోజు మౌలాలికి విసుగెత్తి, స్టూలు లాక్కుని చదరం ముందు కూర్చున్నాడు. దుప్పటి భుజాన వేసుకుని, గొంతు మార్చి, "నమస్కారం. వార్తలు చదువుతాండేది లారీ మౌలాలి" అన్నాడు.

ముఖ్యాంశాలు: వంటమనిషి సాంబారులో మునక్కాయలు తగ్గించాడు, ఏడో నంబరు మంచమాయన కూతురికి మగబిడ్డ పుట్టాడు. అవయ్యాక ధారావాహిక. ఉల్లిగడ్డల లోడుతో హుబ్లీ పోతుంటే ఘాట్ రోడ్డు దిగేచోట బ్రేకులు పోయిన కథ. లారీ మలుపుల్లో ఊగినప్పుడల్లా వార్డంతా పక్కకు ఒరిగింది. అసలు చోటికొచ్చేసరికి ఆపి, "మిగతాది రేప్పొద్దున మాత్రలు మింగినాక" అన్నాడు.

మర్నాడు సువార్తమ్మ పిలవకుండానే అందరూ మాత్రలకు వరసలో నిలబడ్డారు. ఆ తర్వాత మూడు నెలలూ వార్డునుంచి ఒక్క మనిషి వెళ్ళిపోలేదు. మౌలాలి బరువు కూడా పెరిగాడు. రోడ్డుపక్క హోటలాయన, ఆయన ఇద్దరు పెళ్ళాలు, అప్పుడప్పుడు వచ్చిపోయే పోలీసాయన... ఆ కథ వినడానికి ఆడవాళ్ళ వార్డువాళ్ళు కూడా గుమ్మందాకా వచ్చేవాళ్ళు. నేనూ రెండుసార్లు ఏదో పని కల్పించుకుని వెళ్ళాను.

మూడోసారి సర్వోత్తమరావు నా వెనకే వచ్చారు. కాసేపు విన్నారు. ఒకచోట నవ్వు కూడా వచ్చినట్టుంది, దాన్ని రుమాలుతో తుడుచుకున్నారు. తర్వాత ముందుకెళ్ళి గోడమీది అక్షరాలు చూపించారు.

"ఈ స్థలము టెలివిజన్ నిమిత్తము కేటాయించబడినది. ఇందులో మనుష్యులు ప్రసారము కారాదు."

మౌలాలి స్టూలు దిగాడు. "పోనీ పక్కకు జరిగి చెప్తా సార్."

"పక్క స్థలము అగ్నిమాపక పరికరము నిమిత్తము."

"అది యాడుండాది సార్?"

"అదీ పరిశీలనలోనే ఉంది."

సువార్తమ్మ ఆఫీసుకొచ్చి గంటసేపు వాదించింది. ఆరోజు ఆవిడ అన్న మాటలు నేను రికార్డు చేయలేదు. సర్వోత్తమరావు శాంతంగా విని, ఒక మనిషి కథ చెప్పడం మొదలుపెడితే అంతకంటే మెరుగైన మనిషి రాబోడని ఎవరు సంతృప్తి చెందగలరని అడిగారు.

తర్వాతి వారంలో ఒక మధ్యాహ్నం, వంటశాలకు టమాటాలు దించి వెళ్ళిపోతున్న లారీ ఎక్కి మౌలాలి వెళ్ళిపోయాడు. మందుల కోర్సు ఇంకా పూర్తికాలేదు. సువార్తమ్మ లారీ స్టాండుకు పోయి, కనిపించిన డ్రైవరుకల్లా అతని మాత్రల పొట్లం ఒకటి ఇచ్చి, "యాడన్నా కనపడితే మింగించండి నాయనా" అని చెప్పి వచ్చింది. కథ ఎక్కడ ఆగిందో అక్కడే ఆగిపోయింది. ఆ నెలలో ఇంకొందరు కూడా వెళ్ళిపోయారు.

ఇంతలో మా ఆసుపత్రికి గుర్తింపు వచ్చింది. ఇన్నిసార్లు అంగడికి వెళ్ళి ఇన్నిసార్లు కొనకుండా తిరిగొచ్చిన సంస్థ రాష్ట్రంలో మరొకటి లేదని డైరెక్టరేటువారు గుర్తించారు. మా అనుభవం అందరికీ ఉపయోగపడాలని మా దగ్గరే "టెలివిజన్ పరిణామ పరిశీలన విభాగము" మంజూరు చేశారు. సర్వోత్తమరావు దానికి ప్రత్యేకాధికారి. ఆఫీసు పక్క గదికి ఏసీ, మెత్తటి కుర్చీలు, తెరలు వచ్చాయి.

ఆ తర్వాత టీవీలు వచ్చాయి.

"ఇవెట్లా కొన్నారు సార్?" అని సువార్తమ్మ అడిగింది. అడగదగ్గ ప్రశ్నే.

"ఇవి టీవీలు కావండీ. నమూనాలు" అన్నారు సర్వోత్తమరావు ఓపిగ్గా. "ఒక వస్తువు ఎట్లు పాతబడునో పరిశీలించవలెనన్న, పాతబడు వస్తువు మనవద్ద ఉండవలెను కదా. టీవీ కొనుటకు ఆంక్షలున్నవి. పాతబడుటను అధ్యయనము చేయుటకు ఆంక్షలు లేవు."

కొత్తది వచ్చినప్పుడల్లా ఒక నమూనా తెప్పించేవారు. గదికి నాలుగువైపులా టీవీలు పెరిగాయి. పరిశీలకులుగా మా ఆఫీసులోంచే మనుషుల్ని వేశారు, వాళ్ళలో నేనొకణ్ణి. మధ్యాహ్నం సీరియళ్ళలో చీరల రంగులు నిలకడగా ఉన్నాయో లేదో చూసేవాళ్ళం. క్రికెట్ ఉన్న రోజుల్లో చలన స్పష్టత పరీక్ష ఉండేది, ఆరోజు ఎవరూ సెలవు పెట్టేవారు కాదు. ప్రభుత్వోద్యోగంలో ఇంత శ్రద్ధగా పనిచేసిన కాలం నాకు మరొకటి గుర్తులేదు.

"ఒక్క నమూనా వార్డులో పెట్టించండి సార్. అక్కడ కూడా పాతబడుతుంది కదా" అంది సువార్తమ్మ.

"రోగులు చూస్తే అది వినోదమవుతుంది సిస్టర్ గారూ. మేము చూస్తే పరిశీలన."

మౌలాలి తిరిగొచ్చింది ఆ రోజుల్లోనే. ఇద్దరు క్లీనర్లు రెక్కలు పట్టుకుని లారీ దించారు. చొక్కా కొక్కేనికి తగిలించినట్టు వేలాడుతోంది. డాక్టర్ పద్మనాభరెడ్డి ఎక్స్‌రే వెలుతురుకు పట్టి చాలాసేపు చూశారు. ఆయనకు ఆడిటంటే భయమే కానీ, ఎక్స్‌రే చూస్తున్నప్పుడు మాత్రం డాక్టరే. వచ్చి మౌలాలి మంచంమీద కూర్చున్నారు.

"పాత మందులు ఇంక నీకు పనిచేయవు. కొత్తవి మొదలుపెడతా. ఏడాది పైనే పడుతుంది, ఆర్నెల్లు రోజూ సూది. ఈసారి మధ్యలో పోయినావంటే, ఆ తర్వాత ఇచ్చేదానికి నా దగ్గర ఏం లేదు. అర్థమైందా?"

మౌలాలి తలూపాడు. డాక్టరు వెళ్ళాక సువార్తమ్మ అడిగింది. "ఎందుకు పోయినావు మౌలాలీ? సూది నొప్పికా?"

"సూదికి ఎవరు పోతారు సిస్టరమ్మా. మధ్యాన్నం నుంచి పొద్దు గూకేదంక ఆ సున్నం గోడ చూసుకుంటా పండుకోవాలంటే నా చేత కాలేదు. లారీలో ఉంటే రోడ్డన్నా కదుల్తాది."

"ఈసారి?"

"నాకైతే ఉండాలనే ఉండాది. కాళ్ళ సంగతే నేను చెప్పలేను."

సువార్తమ్మ అతని దుప్పటి సర్ది, బయటికొచ్చి, వరండా చివర గోడవైపు తిరిగి నిలబడింది. నేను ఆ దారినే పరిశీలనకు పోతూ చూశాను. పలకరించలేదు.

కొంచెం లేచి తిరిగే శక్తి రాగానే మౌలాలి మా విభాగం కిటికీ దగ్గర ప్రత్యక్షమయ్యాడు. తెరకు ఒకచోట సందుంది. మర్నాటికి ముగ్గురయ్యారు, ఆ మర్నాటికి కిటికీ నిండా కళ్ళే. ఎవరో దగ్గారు. సర్వోత్తమరావు కుర్చీలోంచి లేచి, గదిలో అటు చివరిదాకా వెళ్ళిపోయి, అక్కణ్ణుంచే నాకు సర్క్యులరు చెప్పి రాయించారు.

"రోగులు కార్యాలయ భాగమునకు రారాదు. అంతియేగాక, రోగుల వార్డులోనికి ప్రవేశించిన ఏ వస్తువైనను కలుషితమైనదిగా భావించబడును. సదరు వస్తువు ఎట్టి పరిస్థితులలోనూ కార్యాలయ భాగమునకు తిరిగి తీసుకొనిరాబడదు."

సంతకానికి తీసుకెళ్తే పద్మనాభరెడ్డి కళ్ళజోడు తీసి, "ఇది దగ్గుతో గాలిలో పాకే జబ్బయ్యా. కుర్చీకీ బల్లకీ అంటదు. డాక్టరు చదువు మొదటి ఏడాది పిల్లలకు కూడా తెలుసు" అన్నారు.

"రేపేదన్నా జరిగితే, ముందుజాగ్రత్త ఎందుకు తీసుకోలేదని ఆడిటువారు..." అన్నాను నేను.

ఆయన సంతకం పెట్టారు.

సువార్తమ్మ మా సర్క్యులర్లను మామూలుగా ఒకసారి చూసి పక్కన పడేస్తుంది. దీన్ని మాత్రం నిలబడి రెండుసార్లు చదివింది. చదివి, మడిచి, యాప్రాను జేబులో పెట్టుకుంది. కొన్నాళ్ళకు సర్వోత్తమరావు దగ్గరికి ఎంతో వినయంగా వచ్చింది.

"సార్, నాదొక సందేహం. చివరి టీవీ ఎప్పుడొచ్చినా వస్తుంది. మన గోడమీద ఎంత ఎత్తులో పెడితే పడుకున్నోళ్ళకు మెడ పట్టకుండా కనబడుతుందో పరిశీలించినారా?"

సర్వోత్తమరావు కలం ఆగింది.

"ఎత్తు తేలకముందే గోడకు సున్నమేసినారేందని ఎవరన్నా అడిగితే..." అని ఆవిడ మాట అక్కడే వదిలేసింది.

"దర్శన కోణము!" అన్నారు సర్వోత్తమరావు. ఆయన మొహంలో రక్తం లేదు. "ఇది ఎవరికీ తట్టలేదే! వెంటనే క్షేత్ర పరిశీలన జరగాలి."

మర్నాడు పదకొండింటికి, విభాగంలోకల్లా కొత్తది, పెద్దది అయిన నమూనాను నలుగురం మోసుకుంటూ బయల్దేరాం. అందరికీ ముక్కుకు గుడ్డలు. ముందు సర్వోత్తమరావు రిమోటు పట్టుకుని నడిచారు. చూడముచ్చటగా ఉందని పద్మనాభరెడ్డి కూడా వెంట వచ్చారు. నల్ల చదరంలో మేకులు కొట్టి టీవీ తగిలించాం. కనెక్షను ఇచ్చాం. బొమ్మ పడింది.

ఏదో పాత సినిమా. ఎవరో గుర్రంమీద పోతున్నారు. వార్డులో ఎవరూ అరవలేదు, చప్పట్లు కొట్టలేదు. లేవలేనివాళ్ళు మోచేతులమీద లేచారు. మౌలాలి నోరు కొంచెం తెరుచుకుని ఉంది.

ఒక్కొక్క మంచం దగ్గరా కూర్చుని, పడుకుని చూసి, సర్వోత్తమరావు ఎత్తు ఖాయం చేశారు. "దర్శన కోణము తృప్తికరము. ఇక దించండి" అన్నారు.

"ఎక్కడికి సార్?" అంది సువార్తమ్మ.

"విభాగమునకు."

"అది కలుషితమైంది కదా సార్." యాప్రాను జేబులోంచి కాగితం తీసి, ఆ వాక్యం ఆయన భాషలోనే చదివింది. ఎట్టి పరిస్థితులలోనూ అన్నచోట కొంచెం ఆగి మళ్ళీ చదివింది.

సర్వోత్తమరావు కాగితంలోకి తొంగి తన వాక్యం తనే చూసుకున్నారు. టీవీలో గుర్రం డబడబ పరిగెత్తుతోంది.

"పది నిమిషాలే కదండీ."

"సర్క్యులర్లో నిమిషాలు రాయలేదు సార్."

ఆయన సూపరింటెండెంటువైపు తిరిగారు. "తమరు దీనిని సడలిస్తూ ఒక ఉత్తర్వు..."

పద్మనాభరెడ్డి టీవీవైపే చూస్తున్నారు. "సడలిస్తే మొదటిది తప్పని ఒప్పుకున్నట్టే కదయ్యా. నా సంతకమాయె. పెన్షను ముందర ఇదంతా ఎందుకు?" అన్నారు. ఆయన గొంతులో నేనెన్నడూ వినని హాయి ఉంది.

సర్వోత్తమరావుకు అప్పుడే మరో ఆలోచన వచ్చింది. తన చేతులవైపు, కాళ్ళవైపు చూసుకున్నారు. "మరి నేను కూడా వార్డులోనికి ప్రవేశించితిని కదా..."

"మీరు రాసింది వస్తువని సార్. మీరు పోవచ్చు."

ఆయన గుమ్మందాకా నడిచారు. సువార్తమ్మ వెనకే వెళ్ళి అరచెయ్యి చాపింది.

"సార్, రిమోటు."

సర్వోత్తమరావు ఎంతైనా గొప్ప అధికారి. నెల తిరక్కుండానే డైరెక్టరేటుకు నివేదిక పంపారు. రోగగ్రస్త వాతావరణంలో నమూనాలు ఏ వేగంతో పాతబడుతాయో తెలుసుకోవడానికి దీర్ఘకాలిక క్షేత్ర పరిశీలన ప్రారంభించినట్టు అందులో ఉంది. వారు అభినందిస్తూ జవాబు రాశారు. అందువల్ల రికార్డుల ప్రకారం ఎర్రగుట్ట ఆసుపత్రిలో ఈనాటికీ టీవీ లేదు. గోడమీదున్నది కలుషిత నమూనా. కొనదగ్గ టీవీ కోసం విభాగం ఇంకా ఎదురుచూస్తూనే ఉంది. మడతపెట్టి చంకలో పెట్టుకునేది వస్తుందట, అది చూసి నిర్ణయిస్తారు.

వార్డులో మాత్రం మాత్రల వేళకు టీవీ ఆగేది. అందరూ మింగి, నోరు తెరిచి చూపించాకే సువార్తమ్మ రిమోటు నొక్కేది. సూదుల ఆర్నెల్లలో మౌలాలికి చెవుల్లో హోరు పుట్టింది. వాంతులయ్యాయి. రెండుసార్లు చెప్పులు వేసుకుని గేటుదాకా వెళ్ళాడు. రెండుసార్లూ సాయంత్రం సీరియలు వేళకు వెనక్కి వచ్చాడు. ఎక్కడికి పోయావని ఆవిడ అడగలేదు. వినపడటం లేదంటే సౌండు మాత్రం పెంచింది.

ఏడాది దాటాక ఒకరోజు పద్మనాభరెడ్డి కాగితం పట్టుకుని వార్డుకు వచ్చారు. అది ఆయన సర్వీసులో ఆఖరి నెల.

"తెమడలో ఏం లేదు మౌలాలీ. పోయిన నెలా లేదు, అంతకుముందూ లేదు. మందుల కోర్సు కూడా అయిపోయింది. ఇంక ఇంటికి పో."

మౌలాలి మంచంమీదనుంచి కదల్లేదు. కళ్ళు గోడమీదే ఉన్నాయి. "సార్, ఈ సీరియలొక్కటి అయిపోయేదంక ఉండనీండి."

"అది అయిపోయేది కాదు" అంది సువార్తమ్మ. "నేను రిటైరైపోయినా అయిపోదు. నీ బట్టలు సర్ది సంచిలో పెట్టినా. లెయ్."

ఆవిడే సంచి తెచ్చి చేతికిచ్చింది. మౌలాలి అందరికీ దణ్ణం పెట్టి, గుమ్మందాకా పోయి ఆగాడు. తలుపుకు ఆనుకుని, సంచి కింద పెట్టకుండా, అట్లాగే నిలబడి చూశాడు. ప్రకటనలు రాగానే వెళ్ళిపోయాడు.